పెద్ద ట్యాబ్లెట్ కొంటే పెద్ద ఆర్టిస్ట్ అవుతామా?

పోయిన ఉగాదికి గద్వాల వెళ్లాను. మా మేనమామ ఇంట్లో అడుగు పెట్టగానే కనపడిన దృశ్యానికి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. నేను హైదరాబాద్ నుంచి ఎంతో ప్రేమగా కొని పంపిన డ్రాయింగ్ ట్యాబ్లెట్ మీద మా అత్త పేపర్ పరిచి, చింతపండు గింజలు తీస్తోంది.

“అత్తా... అది డ్రాయింగ్ ట్యాబ్లెట్!” అన్నాను.

“ఏ ట్యాబ్లెటో ఏమో అల్లుడా, మీ వాడు దాన్ని ముట్టి మూడు నెలలాయె. పీట లెక్క మంచిగుందని నేనే వాడుతున్న” అంది అత్త, చెయ్యి ఆపకుండా.

‘మా వాడు’ అంటే మామ కొడుకు, నా బావమరిది. డిగ్రీ అయిపోయింది. ఇంట్లో మగ్గం ఉంది. చిన్నప్పటి నుంచి గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో మామిడి పిందెలు, నెమళ్లు గీస్తూ పెరిగాడు. “బావా, కంప్యూటర్‌లో డిజైన్ గీయడం నేర్చుకుంట” అని వాడంటే నేనే ఎగిరి గంతేసి, ఆన్‌లైన్‌లో దొరికిన వాటిలో పెద్ద సైజు చూసి ఆర్డర్ పెట్టాను. ఇప్పుడేమో వాడు ఊళ్లో ఒక మొబైల్ షాపులో నెలజీతానికి చేరిపోయాడు.

సాయంత్రం పక్కకు తీసుకెళ్లి అడిగితే తల దించుకుని ఒక్కటే మాట అన్నాడు. “నాకు రాదు బావా. కాగితం మీద వచ్చినట్టు దాని మీద వస్తలేదు. నా చెయ్యే మంచిది కాదు.”

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు. ఎందుకంటే వాడి చెయ్యి ఎంత మంచిదో నాకు తెలుసు. తప్పు వాడి చేతిలో లేదు. నేను కొన్న సైజులో ఉంది. మీలో ఎవరైనా మొదటి డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొనాలనుకుంటుంటే, లేదా తమ్ముడికో చెల్లికో కొనిద్దామనుకుంటుంటే, నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి

ఇక్కడ ట్యాబ్లెట్ అంటే సినిమాలు చూసే ట్యాబ్ కాదు. కంప్యూటర్‌కు తగిలించుకునే నల్లటి పలక. దానికి స్క్రీన్ ఉండదు. ఒక పెన్ను వస్తుంది. పలక మీద పెన్నుతో గీస్తే గీత ఎదురుగా ఉన్న కంప్యూటర్ స్క్రీన్ మీద పడుతుంది. స్క్రీన్ ఉన్న రకాలూ ఉన్నాయి కానీ వాటి ధర దీనికి ఎన్నో రెట్లు. నేర్చుకునేవాళ్లు మొదలుపెట్టేది మామూలుగా ఈ నల్ల పలకతోనే.

మౌస్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. మౌస్‌ను ఎత్తి ఇంకో చోట పెట్టినా స్క్రీన్ మీద బాణం కదలదు. కానీ ఈ పలక అలా కాదు. పలక ఎడమ పైమూల అంటే స్క్రీన్ ఎడమ పైమూల. పలక మధ్య అంటే స్క్రీన్ మధ్య. పలక మీద ప్రతి చోటుకూ స్క్రీన్ మీద ఒక చోటు ఖాయంగా ఉంటుంది. పెద్ద ఊరి పటాన్ని చిన్న కాగితం మీద గీసినట్టన్నమాట. సైజు గొడవ అంతా ఇక్కడే మొదలవుతుంది.

అట్ట మీద ఇంచులు చూసి మోసపోవద్దు

ఇంకో చిన్న మెలిక. పలక మొత్తం మీద గీయలేం. మధ్యలో ఒక చోటు మాత్రమే పెన్నును గుర్తుపడుతుంది. దాన్నే యాక్టివ్ ఏరియా అంటారు. సైజు చూసేటప్పుడు రెండు కొలతలూ చూడాలి. గీసే చోటు ఎంత, మొత్తం పలక ఎంత.

ఉదాహరణకు వన్ బై వాకామ్ చిన్న సైజు తీసుకోండి. గీసే చోటు 152 × 95 మిల్లీమీటర్లు. మొత్తం పలక 210 × 146. అదే రకంలో మీడియం అయితే గీసే చోటు 216 × 135, మొత్తం పలక 277 × 189. ఎక్స్‌పీ-పెన్ డెకో 01 వీ2 లాంటి పెద్దవాటిలో గీసే చోటు సుమారు 254 × 159 మిల్లీమీటర్లు, అంటే 10 × 6.25 ఇంచులు. దాని మొత్తం పొడవు 35 సెంటీమీటర్లు. మామూలు 14 ఇంచుల ల్యాప్‌టాప్ కంటే అదే వెడల్పు! ఇక హుయాన్ హెచ్430పీ లాంటి బుల్లి రకాల్లో గీసే చోటు 122 × 76 మిల్లీమీటర్లే. దాదాపు మన ఫోనంత.

ఈ అంకెలు బుర్రకెక్కడం లేదా? ఒక ఏ4 కాగితం తీసుకోండి. ఒకసారి సగానికి మడిస్తే వచ్చేది దాదాపు మీడియం ట్యాబ్లెట్. ఇంకోసారి మడిస్తే దాదాపు చిన్న ట్యాబ్లెట్. పది ఇంచుల రకం ఈ సగం కాగితం కంటే కాస్త పెద్దది. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకోండి, తర్వాత పనుంది.

నా తప్పు ఎక్కడ జరిగిందంటే...

నాకు బొమ్మల పిచ్చి ఉద్యోగంలో చేరాక పట్టుకుంది. మొదట్లో నేను కొనుక్కున్నది చిన్న సైజే. హైదరాబాద్‌లో నా గదిలో 24 ఇంచుల మానిటర్ ఉంది. దానికి ఆ చిన్న పలక తగిలించి గీస్తే ప్రతి గీతా వణికేది. ఒక కన్ను గీయబోతే చెవి దగ్గర తేలేది. దాంతో నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. చిన్న ట్యాబ్లెట్ వేస్ట్, కొంటే పెద్దదే కొనాలి అని. బావమరిది అడిగినప్పుడు అందుకే పెద్దది పంపాను. నాకు తగిలిన దెబ్బకు వాడికి కట్టు కట్టానన్నమాట.

ఉగాది రాత్రి ఆలోచిస్తుంటే తట్టింది. రోజంతా కోడ్ రాసేవాడిని, ఒక్కసారైనా లెక్క వేసి చూడలేదే అని. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాను.

24 ఇంచుల మానిటర్ అంటే ఆ 24 మూల నుంచి మూలకు. అడ్డంగా కొలిస్తే 531 మిల్లీమీటర్లు. నా పలక 152. భాగిస్తే 3.5. అంటే నా చెయ్యి 1 సెంటీమీటరు కదిలితే స్క్రీన్ మీద గీత మూడున్నర సెంటీమీటర్లు పరిగెడుతోంది. చేతి వణుకు కూడా మూడున్నర రెట్లు పెద్దదై కనిపిస్తోంది. గీత వణకక ఏం చేస్తుంది?

ఇప్పుడు వాడి సంగతి. వాడిది పాత 14 ఇంచుల ల్యాప్‌టాప్. స్క్రీన్ వెడల్పు 310 మిల్లీమీటర్లు. నేను పంపిన పలక 254. భాగిస్తే 1.2. అంటే స్క్రీన్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలంటే చెయ్యి కూడా దాదాపు అంత దూరం వెళ్లాలి. మణికట్టు చాలదు, మోచెయ్యి కదలాలి. మోచెయ్యి కదలాలంటే బల్ల ఉండాలి, కుర్చీ ఉండాలి. చుట్టూ జాగా ఉండాలి.

మా మామ ఇంట్లో ముందు గదిలో సగం గుంట మగ్గమే. మిగిలిన సగంలో బీరువా, మంచం. వాడు నేల మీద బాసిపట్టు వేసుకుని, ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టి, ట్యాబ్లెట్‌ను ఒళ్లో పెట్టుకుని గీసేవాడు. 35 సెంటీమీటర్ల పలక ఒళ్లో కుదురుగా ఉంటుందా? ఒక మోకాలు కదిలితే పలక వాలుతుంది. పలక వాలిందని కంప్యూటర్‌కు తెలియదు కదా. మనం అడ్డంగా గీశామనుకున్న గీత స్క్రీన్ మీద ఏటవాలుగా పడుతుంది. ప్రతిసారీ ఒక్కో వాలు. చేతికి అలవాటు ఎలా అవుతుంది? వాడు పాపం మూడు నెలలు కష్టపడి, చివరికి చేతిని తిట్టుకుని పక్కన పెట్టేశాడు.

మార్పిడి

వారం తర్వాత మళ్లీ గద్వాల బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా దాటి నడిగడ్డలోకి తిరుగుతుంటే బ్యాగులో నా చిన్న పలక ఉంది. వాడికి అదిచ్చి, చింతపండు వాసన వస్తున్న పెద్దదాన్ని నేను తెచ్చుకున్నాను. అత్తకు కొత్త పీట కొనివ్వాల్సి వచ్చిందనుకోండి, అది వేరే విషయం.

మార్చుకున్నాక లెక్క చూడండి. వాడిది 310ని 152తో భాగిస్తే 2.04. నాది 531ని 254తో భాగిస్తే 2.09. ఇద్దరికీ ఇంచుమించు రెండు!

వాడికి చిన్నది ఒళ్లో ఒక పుస్తకంలా కుదిరింది. నాకు పెద్దది బల్ల మీద నిలకడగా కూర్చుంది. నేను వేస్ట్ అని పక్కన పెట్టిన చిన్న పలకే వాడికి సరిపోయింది. వాడు మూలకు పడేసిన పెద్ద పలకే నాకు సరిపోయింది. వస్తువులో ఏ తేడా లేదు. ముందున్న తెర, కూర్చునే చోటు మారాయంతే.

అప్పటి నుంచి నేను పాటించే చిట్కా ఇది. మీ స్క్రీన్ వెడల్పును ట్యాబ్లెట్ గీసే చోటు వెడల్పుతో భాగించండి. ఒకటిన్నర నుంచి రెండున్నర మధ్య వస్తే హాయిగా మొదలుపెట్టొచ్చు. మూడు దాటితే గీత వణుకుతుంది. ఒకటికి దగ్గరైతే చెయ్యి అలిసిపోతుంది, జాగా కూడా ఎక్కువ కావాలి. ఇది శాస్త్రం కాదు, నా అనుభవంలో తేలిన కొండగుర్తు.

ఈ లెక్కన 14 ఇంచుల ల్యాప్‌టాప్‌కు చిన్న సైజు చాలు. 15.6 ఇంచులకు స్క్రీన్ వెడల్పు 345 మిల్లీమీటర్లు. చిన్నదైతే 2.3, మీడియం అయితే 1.6, రెండూ ఓకే. బల్ల ఉంటే మీడియం, లేకపోతే చిన్నది. 24 ఇంచులకు మీడియం లేదా పది ఇంచుల రకం. 27 ఇంచుల మానిటర్ ఉంటే పది ఇంచుల దాని గురించే ఆలోచించండి.

నాగర్‌కర్నూల్: మూడడుగుల అక్షరాలు రాసిన చెయ్యి

అందరికీ ఈ లెక్క ఒక్కటే సరిపోతుందా అంటే, లేదు. నాగర్‌కర్నూల్‌లో నా ఇంజనీరింగ్ దోస్తు ఒకడు ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు గోడల మీద, షాపుల బోర్డుల మీద అక్షరాలు రాసేవారు. వీడూ చిన్నప్పుడు నిచ్చెనెక్కి మూడడుగుల అక్షరాలు రాసినవాడే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ బ్రష్షులు అటకెక్కాయి.

వాడు నా దగ్గర చిన్న ట్యాబ్లెట్ పట్టుకుని పది నిమిషాలు గీసి, “నా చెయ్యి దీంట్ల పట్టదురా, డబ్బాల ఏనుగును కూసోవెట్టినట్టుంది” అన్నాడు. నిజమే. బోర్డు రాసేవాళ్లకు గీత భుజం నుంచి వస్తుంది. ఇంటి ముందు ముగ్గు వేసే అక్కలను చూడండి, చెయ్యి మొత్తం తిరుగుతుంది. అలాంటివాళ్లకు మణికట్టుతో గీయమంటే ఊపిరాడదు. మరోవైపు నోటు పుస్తకం మూలల్లో బొమ్మలు వేసి పెరిగినవాళ్లకు మణికట్టే అలవాటు. పెద్ద పలకలో సగం వాళ్లకు వాడకంలోకే రాదు.

షాపులో మానిటర్ 22 ఇంచులు, వెడల్పు 487 మిల్లీమీటర్లు. నా లెక్క ప్రకారం మీడియం అయితే 2.25. చిన్నదైతే 3.2. వాడు మీడియం కొన్నాడు. ఇప్పుడు పెళ్లి ఫ్లెక్సీల మీద పేర్లు ఫాంట్‌లో కాకుండా చేత్తో రాసిస్తున్నాడు. “ఎన్ని రోజులకు ‘శ్రీ’ చేత్తోని రాసిన్రా” అన్నప్పుడు వాడి ముఖంలో వెలుగు చూడాలి.

వాడి దగ్గరే ఒక పరీక్ష నేర్చుకున్నాను. కొత్త ట్యాబ్లెట్ పెట్టగానే పెద్దగా ‘ఠ’ రాసి చూడాలట. మన అక్షరాల్లో నిండు సున్నా, మధ్యలో చుక్క. ఆ సున్నా అడ్డంగా సాగినట్టు కనిపిస్తే సెట్టింగ్ తప్పని అర్థం. కారణం ఇదీ. చాలా ట్యాబ్లెట్ల ఆకారం 16:10, మన స్క్రీన్లు 16:9. సరిచేయకపోతే మీరు గీసిన గుండ్రం 11 శాతం అడ్డంగా సాగుతుంది. డ్రైవర్ సెట్టింగ్స్‌లో నిష్పత్తి స్క్రీన్‌కు సమానంగా ఉంచమనే ఆప్షన్ ఉంటుంది, అది టిక్ చేయాలి. అప్పుడు చిన్న ట్యాబ్లెట్‌లో 95 మిల్లీమీటర్ల ఎత్తులో సుమారు తొమ్మిదిన్నర వదులుకోవాలి. పర్లేదు, సున్నా సున్నాలా వస్తుంది.

రెండు మానిటర్లు ఉన్నవాళ్లు ఇంకో సెట్టింగ్ చూసుకోవాలి. ఏదీ మార్చకపోతే ఒక్క పలక రెండు స్క్రీన్లకూ పంచుకుపోవచ్చు. అప్పుడు మీరు కొన్న మీడియం కాస్తా సగమైపోతుంది. ఒకే స్క్రీన్‌కు కేటాయించండి.

వనపర్తి: ల్యాప్‌టాపే లేకపోతే?

“అన్నా, నాకు ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది. పెద్దది కొననా?” ఇది వనపర్తిలో పాలిటెక్నిక్ చదివే, మాకు దూరపు చుట్టమైన ఒక చెల్లి అడిగింది. ఇది చదివేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే అని నాకు తెలుసు.

కొన్ని ట్యాబ్లెట్లు ఆండ్రాయిడ్ ఫోన్లకూ పనిచేస్తాయి. ఓటీజీ కనెక్టర్ ఉంటే చాలు. కానీ అన్ని ఫోన్లకూ పనిచేయవు. కొనేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఫోన్ మోడల్ జాబితాలో ఉందో లేదో కచ్చితంగా చూసుకోవాలి.

ఇక సైజు. ఫోన్‌ను అడ్డంగా పెడితే స్క్రీన్ వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. చిన్న ట్యాబ్లెట్ వెడల్పూ అంతే. అంటే ఒకటికి ఒకటి. ఇంతకంటే పెద్దది కొంటే చెయ్యి పెద్దగా కదిలించి చిన్న గీత గీయాలి, డబ్బు దండగ. మరో విషయం. ఫోన్‌ను నిలువుగా పెడితే పలకలో గీసే చోటు కూడా నిలువుగా కుంచించుకుపోతుంది. ఫోన్ 20:9 అయితే 95 మిల్లీమీటర్ల ఎత్తుకు వెడల్పు 43 మిల్లీమీటర్లే మిగులుతుంది. మూడు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. అందుకే ఫోన్‌తో గీసేవాళ్లు ఫోన్‌ను అడ్డంగా తిప్పి, ఏదైనా ఆనించి నిలబెట్టుకోవాలి.

ఆ చెల్లికి నేను చెప్పింది ఇంకోటి. “ఇప్పుడే కొనకమ్మా. ముందు ఐబిస్ పెయింట్ లాంటి యాప్‌లో వేలితోనే రెండు నెలలు గీయి. లేయర్లు అంటే ఏంటో, బ్రష్ మార్చడం ఏంటో తెలుస్తుంది. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే చిన్న సైజు కొనుక్కో. రేపు ల్యాప్‌టాప్ వచ్చినా అది పనికొస్తుంది.” మొన్న ఫోన్ చేసి తను వేసిన వనపర్తి రాజావారి బంగ్లా బొమ్మ పంపింది. వేలితోనే. కిటికీ కమానులన్నీ లెక్కపెట్టి మరీ వేసింది.

కొనేముందు ఖర్చు లేని పరీక్ష

ఇందాక మడిచిన కాగితం తీయండి. ఏ4లో సగం ఒకటి, పావు ఒకటి కత్తిరించండి. మీరు నిజంగా కూర్చునే చోటే కూర్చోండి. మంచం మీదైతే మంచం మీద, హాస్టల్ బల్లయితే బల్ల. ముందు ల్యాప్‌టాప్ తెరిచి పెట్టండి. అందులో ఏదైనా బొమ్మ పెట్టుకుని, కాగితం వైపు చూడకుండా, స్క్రీన్‌నే చూస్తూ పెన్సిల్‌తో దాని ఆకారం గీయండి. మొదట గజిబిజిగా వస్తుంది, ఫర్వాలేదు. బొమ్మ కుదిరిందా లేదా అని కాదు, చెయ్యి ఎక్కడ ఇబ్బంది పడుతోందో చూడండి. మోచెయ్యి ల్యాప్‌టాప్‌కు తగులుతోందా? కాగితం జారుతోందా? పెన్సిల్ కాగితం దాటి పోతోందా?

తర్వాత అసలు పలక మొత్తం కొలతకు ఒక అట్టముక్క కత్తిరించి, కాగితం కింద పెట్టి చూడండి. దాన్ని పెట్టడానికి చోటుందా? బ్యాగులో పడుతుందా? నేను ఈ అట్టముక్క పని ముందే చేసి ఉంటే మా అత్తకు పీట దొరికేది కాదు.

కొన్నాక మాత్రం కనీసం రెండు వారాలు ఇవ్వండి. చెయ్యి ఒకచోట, కన్ను ఒకచోట ఉండటం కొత్త విద్య. సైకిల్ నేర్చుకున్నట్టే. పలకను స్క్రీన్‌కు ఎదురుగా, నిటారుగా పెట్టండి. రోజూ అదే చోట పెట్టండి. క్రీటాలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతను నిలకడ చేసే స్టెబిలైజర్ ఉంటుంది, మొదట్లో వాడుకోండి. చిన్న పలక అయితే బొమ్మను జూమ్ చేసి గీయండి.

అమ్మేవాళ్లు చెప్పే అంకెల దగ్గర కంగారు పడొద్దు. 2048 ప్రెషర్ లెవెల్స్, 8192 ప్రెషర్ లెవెల్స్ అంటారు. పెన్నును ఎంత నొక్కామో ఎన్ని మెట్లలో కొలుస్తుందన్నది ఆ అంకె. నేర్చుకునే దశలో ఆ తేడా మన చేతికి తెలియదు. చిన్నదాంట్లో వివరాలు పోతాయన్న భయమూ వద్దు. ఇంచుకు 2540 గీతలు గుర్తుపట్టే పలక తీసుకుంటే మిల్లీమీటరుకు 100. 152 మిల్లీమీటర్లకు 15,200. మన ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ వెడల్పు 1920 చుక్కలే. ఒక్కో చుక్కకు దాదాపు ఎనిమిది. పలకకు కనిపించనిది ఏదీ లేదు, అడ్డమొచ్చేది చేతి ఇబ్బంది ఒక్కటే.

మళ్లీ మగ్గం దగ్గరకు

గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ అంచు మీద వచ్చే ప్రతి పువ్వూ ముందు గళ్ల కాగితం మీద పుడుతుంది. పడుగు దారం, పేక దారం కలిసే చోటు ఒక గడి. ఏ గడి నింపాలో, ఏది వదిలేయాలో చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు జకార్డు మీదకు ఎక్కుతాయి. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ తయారుచేసిన పద్ధతి ఇది. రంధ్రం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. కంప్యూటర్లకు ముత్తాత అని మా కాలేజీలో చెప్పినప్పుడు ఎవరికీ పట్టలేదు, నాకు మాత్రం మామ ఇల్లు గుర్తొచ్చింది.

ఇక్కడ ఇంకో నిజం తెలుసుకున్నాను. 240 హుక్కుల జకార్డు అనుకుందాం. ఆ పువ్వు వెడల్పు 240 గళ్లే. ఆ గళ్లు నింపే పనికి ట్యాబ్లెట్టే అక్కర్లేదు, మౌస్ చాలు. ట్యాబ్లెట్ కావాల్సింది అంతకుముందు, పువ్వు వంపు ఎలా తిరగాలో చేత్తో వెతుక్కునేటప్పుడు. ఆ పనికి చిన్న పలక బ్రహ్మాండంగా చాలు. ఏ పని కోసం కొంటున్నామో తెలియకుండా సైజు ఎంచుకోవడమే అసలు పొరపాటు.

బావమరిది మొబైల్ షాపు ఉద్యోగం మానలేదు. మానమని నేనూ చెప్పలేదు. డిజైన్ ఇచ్చేది మాస్టర్ వీవర్, నేసేవాళ్లకు దక్కేది కూలి. ఒక్క ట్యాబ్లెట్‌తో ఆ లెక్క మారిపోతుందని చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ రాత్రి తొమ్మిది తర్వాత ఒళ్లో పలక పెట్టుకుని కూర్చుంటున్నాడు. పోయిన నెల ఒక మామిడి పిందె గీశాడు, లోపల ముడుచుకుని కూర్చున్న చిలుక. దాన్ని గళ్లలోకి మార్చి, ప్రింట్ తీసి మామ ముందు పెట్టాడు.

మామ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. చిలుక రెక్క దగ్గర వేలు పెట్టి, “ఈడ ఇన్ని గళ్లు ఒక్కతీరుగ నింపినవ్. నేస్తే దారం పైకి తేలుతది. కట్టుకున్నామె గాజుకు తట్టుకుంటది. నడుమ నడుమ కట్టు వెయ్యి” అన్నాడు.

వాడు నాకు రాత్రి పదకొండుకు ఫోన్ చేసి ఈ మాట చెప్పాడు. గొంతులో ఎంత సంతోషమో! మామ వాడి బొమ్మను బొమ్మలా చూడలేదు మరి, నేయాల్సిన చీరలా చూశాడు. అట్టలు ఇంకా కొట్టలేదు. రెక్క సరిచేస్తున్నాడు.

“నీ చెయ్యి మంచిది కాదన్నవ్ కదరా?” అని అడిగాను.

“అది పాత పీట మీద బావా” అన్నాడు.